మోరి అవతలి అంగడి

మా ఊరి అంగడిని నా కొడుకు స్వామిదాసు కొన్నడు. అంగడిల ఏదన్న కొనుడు కాదు బిడ్డా, అంగడినే కొన్నడు. అట్ల గుడ కొంటరా అంటరేమో, కొంటరు. ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డి పోయే తొవ్వ మీద ఉంటది మా ఊరు. బుధారం బుధారం చుట్టు పది ఊర్లోళ్లు, గాంధారి దిక్కు తండలోళ్లు వచ్చి దిగుతరు. కూరగాయలు, ఎండు చాపలు, గాజులు, ఒక పక్కకు మేకలు, గొర్లు. కూసున్న గంపకు ఇంత, నిలవెట్టిన మేకకు ఇంత అని పంచాయతీకి కట్టాలె. ఆ రుసుం పంచాయతోళ్లు వచ్చి అడగరు. ఏడాదికి ఒక్కపారి పాట పెడ్తరు. ఎవలు ఎక్కువ పాడితె వాళ్లది అంగడి. ముందుగల్ల పంచాయతీకి కట్టెయ్యాలె, ఇగ ఏడాది పొడుగు మనమే వసూలు చేస్కోవాలె. మిగిలితె మనది, మునిగితె మనది.

నేను ఆ అంగడిల ముప్పై రెండేండ్లు ఆకుకూర అమ్మిన. నాకు అచ్చరం ముక్క రాదు, కని ఏ నెలల ఎన్ని గంపలు దిగుతయో, ఏ వానకు ఎవలు రారో, నిద్రల లేపి అడిగినా చెప్త. ఆ సంగతి నన్ను అడగాల్సినోడు ఒక్కడే ఉండె. వాడే అడగలే.

వాడు మస్కట్‌ల ఏడేండ్లు లారీ తోలి వచ్చిండు. వచ్చినంక ఇంట్ల కాలు నిలువది. ఉగాది ముందటి బుధారం ఒక నోటుబుక్కు పట్టుకొని అంగడంత తిరిగిండు. పొద్దుగూకినంక నా ముందట కూసొని, "అవ్వా, మూడు వందల పది గంపలు. మేకలు రెండు వందలకు ఎక్కువనే. ఏడాదికి యాభై రెండు బుధారాలు. ఇగ నువ్వే చూస్కో," అన్నడు.

"అది ఉగాది అంగడిరా కొడుకా. మిరుగం పడి వానలు షురువైనంక వచ్చి సూడు, నేను, నా పక్కల కూసునే రహీమా, రెండు కుక్కలు ఉంటం."

"నీకేం తెల్సవ్వా. నువ్ గంప ఎన్క కూసొని సూసినవ్. నేను తిరిగి సూసిన."

నా కోడలు సలోమి అన్నం పెట్టుకుంట ఒక్క మాట అడిగింది. "రమేశ్ ఐదేండ్ల సంది పాడుతుండు గదా, ఎంతకు పాడుతుండు?"

"రెండు లచ్చల లోపలనే. పాటకు ముందే అందరిని చాయ హోటల్ల కూసవెట్టి, తలా ఇంత చేతుల పెట్టి నోరు మూపిస్తడు. నాకు గుడ పదివేలు ఇస్తా అన్నడు. నేను మూస్తనా?"

మూసుకుంటె పదివేలు మిగులుతుండె. గంతే కాదు, మస్తు మిగులుతుండె.

పాట నాడు పంచాయతీ ముందట కుర్చీలు ఏసిండ్రు. మా వాడకట్టోళ్లు ఆ కుర్చీలల్ల కూసొని పాట పాడింది అంతకు ముందట లేదు. నేనూ, ఎల్లిగడ్డ అమ్మే రహీమా, గోడ పక్క నిలవడి సూస్తున్నం. లచ్చన్నర దాక నలుగురు పాడిండ్రు. రెండు దాటినంక రమేశ్, నా కొడుకు ఇద్దరే మిగిలిండ్రు. రెండున్నర కాడ నా కొడుకు ఆగిండు. ఆగెటోడే, వాని మొఖం నాకు తెల్వదా? అప్పుడు రమేశ్ కాలు మీద కాలేసుకొని నవ్విండు.

"ఇగ చాలు తియ్యిరా దాసూ. మీ అవ్వ పది రూపాలకు నాతోని గంటసేపు కొట్లాడుతది. నువ్వు అంగడే కొంటవా?"

అందరు నవ్విండ్రు. వాడు అబద్ధం చెప్పలే, నేను కొట్లాడేదాన్నే. నాకు గుడ నవ్వొచ్చింది. నా కొడుకు నవ్వలే.

"మూడు," అన్నడు.

"మూడున్నర," అన్నడు రమేశ్, పండ్లల్ల పుల్ల పెట్టుకుంట.

"నాలుగు."

"నాలుగున్నర. సెక్రటరీ సార్, వీని తాన పైసలు ఉన్నయా లేవా జెర అడగండ్రి. మస్కట్ బట్టలు సూసి మోసపోయేరు."

అప్పుడు లేచింది కుర్చి. ఇనుప కుర్చి. నా కొడుకు ఇసిరితె రమేశ్ కాలికి తగిలి తోలు లేచింది. రమేశ్ మనుషులు వీని మీద పడ్డరు, అంగి చినిగింది, ఒకడు గొంతు పట్టిండు. వాండ్ల చేతుల కిందికెల్లి, ఊపిరి అందక, నా కొడుకు ఒర్రిండు: "ఆరు లచ్చలు!"

అందరు వదిలేసిండ్రు. రమేశ్ కాలి మీది నెత్తురు వేలుతోని తుడిసి సూస్కున్నడు. మల్ల నవ్విండు. "నాకొద్దు సార్. దాసుకే దండ ఎయ్యండ్రి."

సెక్రటరీ ఒకటోపారి అన్నడు, రెండోపారి అన్నడు. నేను "ఆగు సారూ!" అని ఒర్రిన. పాటల లేనోళ్లు మాట్లాడద్దు అన్నడు. మూడోపారి గుడ అన్నడు.

మస్కట్ పైసలు పోయినయి. చెరువు కింది ఇరవై గుంటల భూమి పోయింది. సలోమి మెడల గొలుసు, చేతుల గాజులు పోయినయి. ఎంతకు పాడినవ్ అని ఆమె అడిగినప్పుడు మేము నల్లా కాడ ఉన్నం. వాడు చెప్పిండు. ఆమె బిందె కింద పెట్టి, తడి నేల మీదనే కూసుంది. నీళ్లు నిండి పొర్లిపోయినా లేవలే.

ఎక్కువ పెట్టి కొన్నోడు ఊకుంటడా బిడ్డా? ఆ ఎక్కువ ఎవలి నుంచన్న పిండాలె. మొదటి బుధారమే గంపకు పది రూపాలు ఉన్నది ముప్పై చేసిండు. మేకకు ఇరవై ఉన్నది యాభై చేసిండు. ఇద్దరు మనుషులను పెట్టుకున్నడు, తలా ఒక గుతుప కట్టె. కొత్మీర కట్టలు నాలుగు పెట్టుకొని కూసున్న ముసలామెను గుడ ముప్పై అడిగిండ్రు. ఆమె బేరమంత చేస్తె ముప్పై రావు. ఆమె కొత్మీర ఎత్తి బురదల ఏసిండ్రు. రహీమా ఇయ్యనన్నది. ఎల్లిగడ్డ గోనె మీద నా కొడుకే కాలేసి తన్నిండు. తెల్లగ తొవ్వంత పారింది.

"మీ అవ్వ పక్కల ఇరవై ఏండ్లు కూసున్నరా!" అని రహీమా ఏడ్సుకుంట ఏరుకుంటుంటే, వాడు నా గంప దాటి పోతున్నడు.

"ఆగు," అన్న. ముప్పై రూపాలు తీసి చెయ్యి చాపిన. "రసీదు ఇయ్యి."

"నువ్వెందుకవ్వా?"

"గంప కాదా నాది?"

చుట్టు అందరు సూస్తున్నరు. వాడు రసీదు చింపి నా పాలకూర మీద ఏసి పోయిండు. ఆ రాత్రి నాతోని మాట్లాడలే. మాట్లాడకపోతె పాయె, జెర సిగ్గు వచ్చిందిలే అనుకున్న. సిగ్గు గాదు అది, కోపమే.

మూడు బుధారాలల్ల గంపలు సగమైనయి. వీడు రుసుం నలభై చేసిండు. సగం మందితోని పూరా గుంజాలె గదా మరి. సలోమి "తగ్గిస్తె వస్తరేమో" అన్నది. "తగ్గిస్తె నా ఆరు లచ్చలు నీ అయ్య ఇస్తడా?" అన్నడు.

మేకలోళ్లు తెలివి గలోళ్లు. మా ఊరు దాటంగనే రోడ్డు కిందికెల్లి నీళ్లు పోయే మోరి ఒకటి ఉంటది. మోరి అవతల పక్కూరి శివారు. మా పంచాయతీ పాట అక్కడ చెల్లది. గాంధారి దిక్కు మేకల బేరగాడు మైసన్న ఒక బుధారం తన మేకలను మోరి అవతల ఆపిండు. ఎన్క మిగతోళ్లు ఆపిండ్రు. మైసన్న నన్ను అక్కా అంటడు, నా కొడుకును అల్లుడా అంటడు, వీడు వాన్ని మామా అంటడు. చిన్నప్పుడు ఎన్నోసార్లు వీనికి తినే బొంగులు కొనిచ్చిండు.

నేను పోయేసరికి ఇద్దరు మోరి మీద నిలవడ్డరు.

"మేకకు యాభై తియ్యి మామా."

"ఇది మీ ఊరు గాదు అల్లుడా. మోరి దిక్కు సూడు."

"మా ఊరికి వచ్చినోళ్లకే గదా అమ్ముతున్నవ్?"

"అయితె వాండ్లను అడుక్కో. ఆరు లచ్చలు పెట్టి ఏం కొన్నవ్‌రా నువ్వు? ఉత్త మట్టి దుబ్బ కొన్నవ్. మేక నాది, కాళ్లు దానివి. అది యాడ నిలవడితె ఆడ అమ్ముత."

మేకలోళ్లు కిసకిస నవ్విండ్రు. ఆ నవ్వు నాకు తెల్సు, పంచాయతీ ముందట ఇన్న నవ్వే. నేను ఉరికిన. నేను చేరేలోపల కట్టె లేచింది, పడ్డది, మల్ల లేచింది. మైసన్న అడ్డం పెట్టిన చెయ్యి వంకర పోయింది. వాడు "అక్కా!" అని ఒర్రిండు, నన్ను సూసి. నా కొడుకు నన్ను సూడలే. మేకలు చెల్లాచెదురై రోడ్డు మీద పడ్డయి, ఒకదాని మీదికెల్లి లారీ పోయింది. మైసన్న నోట్ల నురుగు, మేక పేగులు, ఎండ. నేను ఇప్పటికి గుడ అక్కడ నడుస్తుంటె కింద సూడ.

పెద్దమనుషులు కూసొని పాతికవేలు దండుగ ఏసిండ్రు. కేసు వద్దనిపిచ్చిండ్రు. మా తాన లేవంటె రమేశ్ ఇచ్చిండు. ఎందుకిచ్చిండో తెల్లారి తెల్సింది. మా ఇంటికొచ్చి మంచం మీద కూసొని, "సాలవ్వా, చాయ తాపవా?" అన్నడు నన్ను. తాపిన. తాగి, నా కొడుకుతోని అన్నడు: "రెండు లచ్చలిస్త. మిగిలిన పది నెలలు నాకు రాసియ్యి. నాలుగు పోయిందనుకో. కని ఇల్లు మిగుల్తది."

వాడు చెప్పింది అచ్చమైన మాట. శత్రువు చెప్తె మాత్రం అచ్చమైంది కాకుండ పోతదా? సలోమి తలుపు కాడికెల్లి, "ఇయ్యి. ఇచ్చెయ్యి. రెండన్న వస్తయి," అన్నది.

నా కొడుకు రమేశ్‌ను గల్లా పట్టి గడప అవతల ఏసిండు. మల్ల లోపలికొచ్చి సలోమిని కొట్టిండు. ఒక్కపారి గాదు. ఆమె పెదవి చిట్లింది, ఎన్కకు పోయి పొయ్యి మీద పడ్డది, మోచెయ్యి కాలింది. నేను రోకలి తీసి వాని వీపుల ఏసిన. కొడుకును నేను కొట్టక ముప్పై ఏండ్లయితుండె. వాడు తిరిగి సూసిండు. కండ్లు ఎర్రగ, నా వాడు గాదు.

"నాలుగు లచ్చలు ఎట్ల ఇడుస్త అవ్వా? ఎట్ల ఇడుస్త? ఊరంత నవ్వదా?"

"ఇప్పుడు నవ్వుతలేరా?"

బండి తీసుకొని పోయిండు.

అదే వారం ఎల్లారెడ్డి బస్టాండు కాడ మైసన్న తమ్ముండ్లు వీన్ని దొరకవట్టిండ్రు. సలాకతోని నెత్తి పలగ్గొట్టిండ్రు. కామారెడ్డి దవాఖానల పదకొండు కుట్లు ఏసిండ్రు. సలోమి కాలిన చేతితోనే వాని నెత్తి పట్టుకొని కూసుంది. కుట్లు ఏస్తున్నంతసేపు వాడు ఒక్కటే అడుగుతున్నడు, బక్రీదు ఎన్నడు అని. ఎందుకంటె బక్రీదు ముందటి బుధారం మేకలు మస్తు దిగుతయి. ఆ ఒక్క అంగడి పట్టుకుంటె లచ్చ వస్తదని వాని ఆశ. నాకు తెల్సు, రాదు.

ఇంటికొచ్చినంక నెత్తికి కట్టుతోనే గొడ్డలి సాన పట్టుడు షురు చేసిండు. పొద్దున ఒకపారి, మాపు ఒకపారి. ఆ సప్పుడుకు సలోమి అన్నం తినలే.

"అది ఎందుకురా?"

"మైసడు మల్ల మోరి అవతలనే నిలవడ్డడు అనుకో. ఇంక జన్మల దాటడు."

"వాని తమ్ముండ్లు నలుగురు. నిన్ను ఊకుంటరా?"

"ఊకోకపోతె మానె. నేను ఎట్ల గుడ మునిగిన."

నేను ఆ వారం రోజులు నిద్ర పోలే. పండుకుంటె అదే. అంగడి ఉన్నంతసేపు వీడు వసూలుకు పోతనే ఉంటడు. వీడు కొడ్తనే ఉంటడు, వాండ్లు కొడ్తనే ఉంటరు. ఒకనాడు ఒకడు లేవడు. నాకు పోలీసులు తెల్వరు, లాయర్లు తెల్వరు. నాకు తెల్సింది అంగడి. మేకలోళ్లు సగమే ఎత్తుకపోయిండ్రు దాన్ని. గంపలోళ్లు ఇంక ఈడనే ఉన్నరు.

బక్రీదు ముందటి బుధారం తెల్లారక ముందే లేచిన. పుంటికూర, పాలకూర, మెంతికూర గంపల పేర్చిన. మా అంగడి జాగ దాటిన, బడి దాటిన, మోరి దాటిన. అవతల తుమ్మ చెట్టు కింద గోనె పరిచి కూసున్న.

రహీమా ఆటోల కెల్లి నన్ను సూసి దిగింది. "సాలవ్వా, గిక్కడ కూసున్నవేంది?"

"గక్కడ ఎండ ఎక్కువైందే."

ఆమె మా అంగడి దిక్కు సూసింది. నా దిక్కు సూసింది. ఇంక పొద్దే పొడవలే. ఎల్లిగడ్డ మూట దించి నా పక్కకు పరిచింది. ఎన్క కొత్మీర ముసలామె. ఎన్క టమాట ఆటో. నన్ను సూసి ఒకడు, వాన్ని సూసి ఒకడు. పది కొట్టేసరికి అంగడి మొత్తం మోరి అవతల ఉన్నది. ఆరు లచ్చలు పెట్టి కొన్న జాగల కుక్కలు తప్ప ఏం లేవు.

వచ్చిండు వాడు. గొడ్డలి బండికి కట్టి ఉన్నది, చేతుల కట్టె. మైసన్న మేకల దిక్కు పోతడనుకున్న. చెయ్యికి పిండికట్టు ఏసుకొని ఉన్నడు మైసన్న, పక్కల నలుగురు తమ్ముండ్లు. నా కొడుకు వాండ్లను సూడలే. సక్కగ నా గంప ముందట నిలవడ్డడు.

"ముందుగల్ల కూసుంది నువ్వేనా?"

"నేనే."

"తెల్సే కూసున్నవా?"

"తెల్సే."

"సొంత కొడుకును రోడ్డు మీద పడేస్తవా అవ్వా?"

"దా, కూసో. కూర అమ్ముదాం," అన్న. ఏమో, ఆ టైముకు నోట్లకు అదే వచ్చింది.

కట్టె లేపిండు. గంప మీద ఏస్తడనుకున్న. నా కండ్లల్లకే సూస్తున్నడు. తెల్వక కొట్టింది గాదు, అది చెప్పాలె. నా కుడి చెయ్యి మీద ఏసిండు. బొక్క విరిగిన సప్పుడు ముందుగాల ఇనవడ్డది, నొప్పి ఎన్క వచ్చింది.

అంగడంత వాని మీద పడ్డది. మైసన్న తమ్ముండ్లు ముందట, ఎన్క టమాటలోడు, గాజులోడు, నాకు పేరు తెల్వనోళ్లు. నెత్తి మీది కట్టు ఊడింది, కుట్లు తెగినయి. రాళ్లు పడుతున్నయి. ఒకడు తక్కెట్లకెల్లి తూకం బాటు తీసిండు. నా కొడుకు కింద పడి మోకాళ్లు కడుపుకు మడుసుకున్నడు, చిన్నప్పుడు జరమొస్తె పండుకున్నట్టు.

"రహీమా," అన్న, "పోలీసులకు ఫోన్ చెయ్యి. సాలవ్వను కొట్టిండ్రు అని చెప్పు. ఎవలు కొట్టిండ్రో గుడ చెప్పు." మల్ల గొంతు పోయేటట్టు ఒర్రిన: "ఎవ్వలు ముట్టకుండ్రి! నేను కేసు పెడుతున్న! నా కొడుకు మీద నేను కేసు పెడుతున్న!"

నమ్మలే వాండ్లు. కని చేతులు ఆగినయి. మైసన్న తన మంచి చేతితోని చిన్న తమ్మున్ని ఎన్కకు గుంజి, "ఆగుండ్రా. అక్క ఏమంటుందో ఇనుండ్రి," అన్నడు. జీపు వచ్చేదాక అట్లనే నిలవడ్డరు, రాళ్లు చేతులల్ల పట్టుకొని.

నా చెయ్యికి పిండికట్టు ఏపిచ్చుకొని, నేనూ సలోమి ఠాణాకు పోయేసరికి మాపైంది. రాసే కానిస్టేబుల్ చిన్నోడు, సిద్ధార్థ అని రాసి ఉన్నదట అంగి మీద, సలోమి చదివింది. నా కొడుకు గోడకు ఆనుకొని కింద కూసున్నడు, నెత్తికి కొత్త కట్టు.

"అవ్వా, మల్ల ఆలోచన చేస్కో," అన్నడు కానిస్టేబుల్. "సొంత కొడుకు. పడ్డ అని రాస్త, చానమంది అట్లనే రాపిస్తరు."

"కొట్టిండు అని రాయి. కట్టెతోని కొట్టిండు. బండికి గొడ్డలి ఉండె, అది గుడ రాయి."

నా కొడుకు నేల దిక్కు సూస్తున్నడు.

"లోపల ఎన్ని రోజులు ఉంచుతరు సారూ?" అన్న.

"బెయిలు వచ్చేదాక. ఇరవై రోజులు పట్టొచ్చు."

"ఇరవయ్యేనా? నెల చెయ్యరాదా?"

కానిస్టేబుల్ పెన్ను ఆపి నన్ను సూసిండు. సలోమి నా భుజం మీద చెయ్యేసింది. మైసన్న తమ్ముండ్ల చేతులల్ల రాళ్లు నేను సూసిన, ఆ కానిస్టేబుల్ పిల్లగాడు సూడలే. బక్రీదు దాటాలె, మిరుగం పడాలె, అందరు నాట్లల్ల పడాలె. ఇరవై రోజులు సరిపోవు.

కాయిదం చదివి ఇనిపిచ్చిండు. కుడి చెయ్యి కట్టుల ఉన్నది, ఎడమ బొటనేలు సిరాల అద్ది పెట్టిన. పెట్టి, కొంగుకు తుడుసుకొని లేచిన. ఆఖరి బస్సు పోతదని సలోమి తొందర పెడుతుంది.

"అవ్వా," అన్నడు నా కొడుకు. నన్ను కొట్టినంక అదే మొదటి మాట. "చెయ్యి నొస్తుందా?"

నొస్తలేదు బిడ్డా అంటనేమో అని సూసిండు. ఏండ్లకేండ్లు వానికి అట్లనే చెప్పిన, ఏం అడిగినా.

"నొస్తుంది," అన్న. "మస్తు నొస్తుందిరా."